వైవా జవాబు వేరు, వ్యాసం వేరు

అనంతపురం

అమ్మాయ్,

హామ్‌స్ట్రింగ్ మీద, అదే తొడ వెనక కండరాల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. తప్పుల్లేవు. కానీ వైవాలో, అంటే నోటి పరీక్షలో, అప్పజెప్పినట్టుంది: ఎక్కడ మొదలు, ఎక్కడ అతుకు, ఏ నరం, ఏం పని. ఎగ్జామినర్‌కు అది చాలు. ధర్మవరంలో టీ తాగుతూ పేపరు తిరగేసేవాళ్లు రెండో లైనుకే పేజీ తిప్పేస్తారు.

ముందు వాళ్ల చేతిని మోకాలి వెనక పెట్టించు. కుర్చీలో కూర్చుని, మడమను నేలకు అదిమి వెనక్కి లాగమను. బయటివైపు లావుగా బిగిసేది బైసెప్స్ ఫిమోరిస్ కండరం టెండన్, అంటే దాన్ని ఎముకకు కట్టే తాడు. లోపలివైపు సన్నగా తగిలేది సెమీటెండినోసస్‌ది. దాని కింద లోతుగా సెమీమెంబ్రనోసస్. మూడూ కూర్చునేటప్పుడు బరువు మోసే పిరుదు ఎముక దగ్గరే మొదలవుతాయి. బైసెప్స్ పొట్టి భాగం ఒక్కటే తొడ ఎముక నుంచి వస్తుంది. మిగతావి తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటిపోతాయి కాబట్టే వాటికి అన్ని తిప్పలు.

ఆ తిప్పలేంటో చూడాలంటే ఓ సాయంత్రం ఆర్డీటీ స్టేడియానికి పో. స్ప్రింట్ కొట్టే పిల్లల కాళ్లే చూడు. ముందుకు విసిరిన కాలు నేలను తాకబోయే ముందు, ఆ కండరం సాగుతూనే కాలికి బ్రేకు వేస్తుంది. ఎక్కువగా చిరిగేది అప్పుడే, అదీ బైసెప్స్ పొడుగు భాగమే. నీ వ్యాసంలో ఇది ఆఖరి పేరాలో ఒక్క ముక్కలో ఉంది. దీన్ని పైకి తీసుకురా.

తరవాత మన ఊళ్లలో జరిగేది రాయి. కబడ్డీలో కుర్రాడు తొడ వెనక పట్టుకుని కూలబడగానే ఎవరో ఒకరు నూనె పోసి గట్టిగా రుద్దుతారు, వేడి కాపడం పెడతారు. మొదటి రెండు మూడు రోజులు ఆ రెండూ వద్దని, లోపలి రక్తస్రావం పెరగొచ్చని స్పష్టంగా చెప్పు. దెబ్బ పైన తగిలినా కమిలిన మచ్చ కొన్నాళ్లకు మోకాలి వెనక్కి దిగుతుంది, దాన్ని చూసి ఇళ్లల్లో టెన్షన్ పడతారు, అదీ రాయి. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు పిరుదు దగ్గరే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించమను. ఆ వయసులో కండరానికి బదులు ఎముక ముక్కే ఊడిరావచ్చు.

వేరుశనగ పీకి వచ్చి తొడ వెనక లాగుతోందనే వాళ్లందరిదీ హామ్‌స్ట్రింగ్ కాదు. నడుము నుంచి మొదలై మోకాలు దాటి పాదం దాకా జివ్వుమంటే, తిమ్మిరెక్కితే, అది సయాటిక్ నరం గొడవ కావచ్చు. ఈ తేడా చెప్పకపోతే పాఠకుడు తప్పు డాక్టరు దగ్గరికి పోతాడు.

మోకాలి లిగమెంట్ సర్జరీకి సెమీటెండినోసస్ టెండన్‌ను తీసి వాడతారన్న పేరా బాగుంది, ముట్టుకోకు. నరాల పట్టిక మాత్రం తీసెయ్. అందులోంచి ఒక్కటి మిగుల్చు: బైసెప్స్ టెండన్ అంచునే కామన్ పెరోనియల్ నరం దిగుతుంది, అక్కడ దెబ్బ తగిలితే పాదం పైకి లేవదు.

బొమ్మ ఒకటే చాలు. కుడికాలు, వెనక నుంచి. నువ్వే గీసి వచ్చే ఆదివారంలోగా పంపు.