పగడం గోధుమరంగుకు తిరిగితే దీపాన్ని మార్చేయకండి

ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి, బతికున్న పగడాలను పెంచుకునేవాళ్లు ఈసారి రాసిన ఉత్తరాలన్నిటిలోనూ ఒకే గోడు: తెచ్చినప్పుడు ఉన్న రంగు ఇప్పుడు లేదని. చాలామంది రోగనిర్ధారణ కూడా తామే చేసేసి, ఏ దీపం కొనాలో మాత్రమే నన్ను అడిగారు. నేను ఏ దీపం పేరూ చెప్పబోవడం లేదు. వెలుగు గురించి మాత్రం చెప్పవలసింది చాలా ఉంది.

ప్రశ్న: ఊదారంగు కొనలతో, గులాబీ ఛాయలో ఉన్న అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే పగడం) ముక్క తెచ్చుకున్నాను. రెండు నెలలు తిరగకుండానే మట్టిరంగుకు వచ్చింది. పాలిప్‌లు, అంటే పగడంలోని చిట్టి జీవులు, బాగానే విచ్చుకుంటున్నాయి, కొమ్మలు పెరుగుతున్నాయి. నీళ్లలో నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల పాళ్లలో 40), ఫాస్ఫేట్ 0.3 చూపిస్తోంది. ఎల్ఈడీ దీపంలో నీలం 50 శాతం, తెలుపు 40 శాతం మీద నడుస్తున్నాయి. ఎర్ర, ఆకుపచ్చ బల్బులు కూడా ఉన్న దీపం కొంటే రంగు తిరిగి వస్తుందా?

జవాబు: మీ పగడానికి జబ్బు చేయలేదండీ. పాలిప్‌లు విచ్చుకుంటూ, కొమ్మలు సాగుతూ ఉన్నాయంటే అది సుఖంగానే ఉంది. ఇబ్బంది మన కళ్లకే. సముద్రంలోని పగడపు దిబ్బల మీద కూడా చాలా పగడాలు గోధుమరంగులోనే ఉంటాయి. ఫోటోలు తీసేవాళ్లు వాటిని దాటుకుని వెళ్లిపోతారు కనుక మనకు తెలియదు.

రంగు ఎక్కడినుంచి వస్తుందో ముందు చూద్దాం. పగడంలో అడుగున ఉన్నది తెల్లని సున్నపు అస్థిపంజరం. దాని మీద పరచుకున్న పలుచని కణజాలంలో, లోపలి వరస కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడని నాచు జాతి) కాపురముంటాయి. వేలి గోరంత జాగాలో ఇవి పది లక్షలు ఉన్నా ఆశ్చర్యం లేదు. పత్రహరితంతో పాటు పెరిడినిన్ అనే వర్ణకం కూడా ఉండటం వల్ల ఇవి బంగారు గోధుమ వన్నెలో ఉంటాయి. ఇక మనం డబ్బు పోసి కొనే ఊదా, గులాబీ, ఆకుపచ్చ రంగులు ఈ శైవలాలవి కావు. అవి పగడం తన కణాల్లో తాను తయారుచేసుకునే ప్రోటీన్లు. శైవలాలు పలచగా ఉంటే ఆ రంగులు పైకి తేలుతాయి, దట్టమైతే గోధుమరంగులో మునిగిపోతాయి.

మీ తొట్టిలో శైవలాలు దట్టమవడానికి రెండు కారణాలు కలిశాయి. పగడం మామూలుగా తన శైవలాలకు నత్రజని కొరత పెట్టి, వాటి సంఖ్యను అదుపులో ఉంచుకుంటుంది. నైట్రేట్‌లో ఉన్నది నత్రజనే కనుక, నీళ్లలో అది 40 ఉన్నప్పుడు ఆ అదుపు సడలుతుంది. ఇటు వెలుగు చాలకపోతే, ఉన్న కొద్దిపాటి కాంతినీ వదలకుండా పట్టుకోవడానికి శైవలాలు తమ వర్ణకాన్ని పెంచుకుంటాయి. పైగా అక్రోపోరా పై రంగుల్లో చాలావరకు ఎండ కాచుకోవడానికి పట్టుకున్న గొడుగే. వెలుగు తగ్గితే ఆ ప్రోటీన్ల తయారీ కూడా తగ్గుతుంది.

వెలుగు చాలడం లేదని నేను ఊహిస్తున్నానే గానీ, మీరు రాసిన శాతాలను బట్టి ఏమీ తేల్చలేను. ఒక దీపంలో 50 శాతం మరో దీపంలో 100 శాతానికి సమానం కావచ్చు. నీటిమట్టానికి దీపం ఎంత ఎత్తులో ఉంది, దాని లెన్సు ఎంత కోణంలో వెలుగు చిమ్ముతుంది, పగడం ఎంత లోతున ఉంది అన్నవి తెలియకుండా శాతాలు చెప్పుకోవడం వృథా. పార్ మీటరు ఎవరినైనా అడిగి ఒక్కరోజుకు తెచ్చుకోండి. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి కణాలు చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో అది చెబుతుంది. ఉష్ణమండల సముద్రం మీద మిట్టమధ్యాహ్నం ఈ అంకె 2000 దాకా వెళ్తుంది. ఇంటి తొట్టిలో అక్రోపోరాకు 200 నుంచి 350 సరిపోతుంది. చవక లక్స్ మీటర్లను మాత్రం నమ్మకండి. అవి మనిషి కంటి తీరుకు తగ్గట్టు చేసినవి కనుక నీలి కాంతిని చాలా తక్కువగా లెక్కేస్తాయి. మన దీపాల్లో ఉండేదేమో ఎక్కువగా నీలమే.

ఇక మీ ఎర్ర, ఆకుపచ్చ బల్బుల సంగతి. ఎర్ర కాంతిని నీరు మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. కాస్త లోతున ఉన్న పగడాలు నీలి వెలుగులోనే బతుకుతాయి. అక్రోపోరా వంటి పగడాల మీద జరిగిన ప్రయోగాల్లో ఈ వర్ణక ప్రోటీన్ల తయారీని పెంచింది కూడా నీలి కాంతే. ఎర్ర బల్బు వెలిగిస్తే పగడం ఎర్రబడదు. అయితే ఆ బల్బుల వల్ల మనకు ఒక ఉపయోగం ఉంది. మీ పగడం కొనల్లోని ఊదా ప్రోటీను పసుపు, నారింజ కాంతులను పీల్చుకుని, నీలాన్నీ ఎరుపునూ తిప్పి పంపుతుంది. మీద పడే వెలుగులో ఎరుపే లేకపోతే తిప్పి పంపడానికి దాని దగ్గర నీలం తప్ప ఏముంటుంది? అందుకే మంచి ఊదా కొన కూడా పూర్తి నీలం కింద నల్లనీలంగా కనబడుతుంది. ఏదీ కొనక ముందు తెల్ల బల్బులు మాత్రమే వెలిగించి, నీటి పంపులు ఆపి, పైనుంచి ఒకసారి చూడండి. పోయిందనుకున్న రంగులో కొంత అక్కడే ఉందేమో.

చికిత్స నీటితో మొదలుపెట్టండి. నైట్రేట్‌ను 5 నుంచి 10 మధ్యకు, ఫాస్ఫేట్‌ను 0.1 లోపుకు దించండి. మేత కాస్త తగ్గించి, నీరు మార్చుతూ, స్కిమ్మర్‌ను (నురుగుతో నీటిలోని మురికిని తీసే పరికరాన్ని) సరిచేసుకుంటూ వారాల మీద దించాలి. ఫాస్ఫేట్ పీల్చే పొడిని దండిగా వేసి రాత్రికి రాత్రి సున్నాకు తెచ్చారా, గోధుమరంగు పగడం మీద బెంగ తీరిపోతుంది, ఎందుకంటే పగడమే ఉండదు. నీరు కుదుటపడ్డాక దీపాన్ని వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి. రెండూ ఒకే వారం చేయవద్దు. తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు. మార్పు ముందుగా కొత్తగా పెరిగే కొనల్లో కనబడుతుంది. పాత కొమ్మలకు నెలలు పడుతుంది.

ఇంకొకటి, నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. ఒకే జాతి పగడాల్లో కొన్నిటికి ఎర్ర ప్రోటీను జన్యువు ప్రతులు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. అన్నీ సరిచేసినా మీ ముక్క ఫోటోలోని గులాబీకి ఎన్నటికీ రాకపోవచ్చు.

ప్రశ్న: మా టార్చ్ కోరల్ అనే రకం పగడం సాయంత్రం నీలి దీపాల కింద ఆకుపచ్చగా వెలిగిపోతుంది. పగలు తెల్ల దీపాలు వేయగానే వెలవెలబోతుంది. తెల్ల కాంతి దానికి పడదా? రోజంతా నీలం మీదే ఉంచమంటారా?

జవాబు: పడకేమీ లేదు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఆ పగడంలో వర్ణకం ఏమీ మారలేదు. మీరు చూస్తున్న వెలుగు మారింది.

టార్చ్ కోరల్‌లోని ఆకుపచ్చ ప్రోటీను 450 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న నీలి కాంతిని పీల్చి, 510 ప్రాంతంలో ఆకుపచ్చగా తిరిగి విడుదల చేస్తుంది. దీన్ని ప్రతిదీప్తి అంటారు. చుట్టూ నీలం తప్ప మరేమీ లేనప్పుడు ఆ ఆకుపచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెల్ల దీపం వేస్తే అంతా వెలుగే కాబట్టి అందులో కలిసిపోతుంది. ఇది మిణుగురు కాంతి వంటిది కాదు. నీలి దీపం ఆపితే పచ్చదనమూ ఆరిపోతుంది.

ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్లకు పెద్ద చరిత్రే ఉంది. 1962లో ఒసాము షిమోమురా ఎక్వోరియా విక్టోరియా అనే జెల్లీచేపలో మొదటి ఆకుపచ్చ ప్రోటీనును వేరుచేశారు. దాని పుణ్యాన 2008లో ఆయనకూ, మార్టిన్ ఛాల్ఫీకీ, రోజర్ చెన్‌కూ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఎర్ర ప్రోటీనును 1999లో వెల్లడించారు. అది దొరికింది డిస్కోసోమాలో, అంటే కొత్తగా తొట్టి పెట్టినవాళ్లు మొదట తెచ్చుకునే ఆ పుట్టగొడుగు పగడంలోనే. మీ తొట్టిలో ఏదో మూల అదీ ఉండే ఉంటుంది, కాస్త గౌరవంగా చూడండి.

రోజంతా నీలం ఉంచినా శైవలాలకు నష్టం లేదు. పత్రహరితం, పెరిడినిన్ రెండూ నీలాన్ని, నీలి ఆకుపచ్చను బాగా వాడుకుంటాయి. ప్రమాదం మరోచోట ఉంది. నీలి వెలుగు మన కంటికి మసకగా తోస్తుంది. మసకగా ఉంది కదా అని పెంచుతూ పోతారు. టార్చ్ కోరల్‌కు 75 నుంచి 150 మైక్రోమోల్స్ చాలు. మీకు చీకటిగా కనిపించే తొట్టిలో దానికి 300 పడుతూ ఉండవచ్చు. ఆ వెలుగులో కూర్చుని అంచనా వేయవద్దు, కొలవండి.

అమ్మకపు ఫోటోలు చూసి మోసపోయేవాళ్లకు కూడా ఇదే జవాబు. పూర్తి నీలం కింద, నారింజ ఫిల్టర్ పెట్టి తీసిన ఫోటోలో వెనక్కి కొట్టే నీలమంతా ఆగిపోయి, ప్రతిదీప్తి మాత్రమే మిగులుతుంది. అబద్ధమని అనలేం గానీ, పగటి వేళ మీరు చూడబోయేది అది కాదు. తెల్ల వెలుగులో తీసిన ఫోటో కూడా అడగండి. ఇవ్వడానికి నసిగితే కొనకండి.

ప్రశ్న: రంగు బాగా రావాలని దీపాన్ని ఒకేసారి 60 నుంచి 90 శాతానికి పెంచాను. మోంటిపోరా అనే రకం పగడం లేత గులాబీ రంగుకు వచ్చింది. చూసినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. ఇలాగే కొనసాగించవచ్చా?

జవాబు: వద్దు. మెచ్చుకున్నవాళ్లను కాస్త దగ్గరికి వచ్చి చూడమనండి. ఆ లేత గులాబీ వెనుక తెల్లని అస్థిపంజరం కనబడుతోందా? పాలిప్‌లు ముడుచుకున్నాయా? అంచుల్లో పెరుగుదల ఆగిందా? వీటిలో ఏ ఒక్కటి ఔనన్నా, మీరు చూస్తున్నది శైవలాలు ఖాళీ చేస్తున్న పగడం.

తెల్లబడే పగడం ఒక్కోసారి ముందు రంగెక్కుతుంది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం 2020లో దీని గుట్టు విప్పి చెప్పింది. శైవలాలు పోయేకొద్దీ వెలుగును పీల్చేవాళ్లు లేక, తెల్లని అస్థిపంజరం తాకి వెనక్కి చిమ్మిన కాంతి కణజాలంలోనే తిరుగుతుంది. లోపల నీలి కాంతి పెరగడంతో పగడం తన వర్ణక ప్రోటీన్లను మరింతగా తయారుచేస్తుంది. ఆ నీడలో శైవలాలు తిరిగి చేరడానికి వీలు కలుగుతుంది. కాబట్టి మీ మోంటిపోరా చేతులెత్తేయలేదు, కోలుకోవడానికి పాటుపడుతోంది. దానికి సాయం చేయండి. దీపాన్ని పాత 60కి దించండి. తొట్టిలో మిగతావాటికి ఎక్కువ వెలుగు కావాలనుకుంటే, ఆ ఒక్క ముక్కను కిందికో పక్కకో జరపండి.

ఆ సున్నాలను చూసి మురిసిపోకండి. శైవలాలకు నైట్రేట్, ఫాస్ఫేట్ కొంతైనా కావాలి. ఆకలితో ఉన్న పగడం మీద తీవ్రమైన వెలుగు పడటం కంటే చెడ్డ కలయిక లేదు. పైగా సున్నాల తొట్టెల్లో డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు తెరలు కమ్ముకునే ప్రమాదం ఉంది. చేపలకు మేత పెంచండి. నైట్రేట్ 5 దగ్గర, ఫాస్ఫేట్ 0.03కు తగ్గకుండా నిలిచాక, అప్పుడు మళ్లీ దీపం మాట ఎత్తండి.

ప్రశ్న: దీపం తక్కువ శక్తిది. రోజుకు 14 గంటలు వెలిగిస్తే లోటు తీరుతుందా?

జవాబు: తీరదు. తిండి కొంత పెరగవచ్చు గానీ, రంగు ప్రోటీన్లు స్పందించేది ముఖ్యంగా తీవ్రతకు. 8 నుంచి 10 గంటలు చాలు. మిగతా గంటల్లో పెరిగేది అద్దం మీది నాచే. మీరు అడగకపోయినా చెబుతున్నాను, దీపం లెన్సు మీద ఉప్పు పొర ఉందేమో తడిగుడ్డతో తుడిచి చూడండి. కొత్త దీపం అక్కర్లేకపోవచ్చు.

ప్రశ్న: దీపాన్ని ముట్టుకోలేదు, నీటి పరీక్షల్లో తేడా లేదు. అయినా పై వరుసలో ఉన్న పగడాలు మూడు పాలిపోయాయి. ఆ వారం చేసిన పని ఒక్కటే, చాలాకాలం తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ (నీటిని శుభ్రపరిచే బొగ్గు) మార్చాను. కార్బన్‌లో ఏదైనా విషం ఉందా?

జవాబు: కార్బన్‌ను అనుమానించక ముందు నీటి రంగు చూడండి. తొట్టి నీరు నెలల తరబడి మెల్లగా పసుపుబారుతుంది. కుళ్లిన నాచు, మేత నుంచి వచ్చే కర్బన పదార్థాలే దానికి కారణం. రోజూ చూసే కంటికి అది తెలియదు. ఆ పసుపు ముఖ్యంగా నీలి కాంతినే అడ్డుకుంటుంది. కొత్త కార్బన్ ఒకటి రెండు రోజుల్లో నీటిని తేటపరుస్తుంది. మీరు దీపాన్ని తాకకపోయినా, పగడాలకు దాన్ని ఎవరో హఠాత్తుగా పెంచినట్టే ఉంటుంది. పై వరుసవే పాలిపోయాయన్నారు కదా, అదీ ఇందుకు సరిపోతోంది. కింది వాటికి అంత వెలుగు అందదు.

ఈ వారం దీపాన్ని ఐదో వంతు తగ్గించి, ఆ తర్వాత మెల్లగా పాత స్థాయికి తీసుకురండి. ఇకమీదట కార్బన్‌ను కొద్దికొద్దిగా, మూడు నాలుగు వారాలకోసారి మారుస్తూ ఉండండి. పసుపు పేరుకోకముందే పోతుంది. ఎప్పుడు పేరుకుంటోందో తెలుసుకోవాలంటే తెల్లని బకెట్‌లో తొట్టి నీరు, పక్కన మరో బకెట్‌లో అప్పుడే కలిపిన కొత్త ఉప్పునీరు పోసి పోల్చి చూడండి.