వెన్న వాసనొస్తే మెచ్చుకోకండి

ప్రశ్న: ఒక చిన్న బ్రూవరీవాళ్ల క్రాఫ్ట్ లాగర్ (చల్లని చోట పులియబెట్టే బీరు) తాగాను. గ్లాసు ముక్కు దాకా రాగానే వెన్న వాసన. నోట్లో కూడా ఏదో జిడ్డు రాసినట్టుంది. పక్కనున్న స్నేహితులు “అదే దీని స్పెషల్” అన్నారు. నాకు మాత్రం రెండో గ్లాసు తాగబుద్ధి కాలేదు. లోపం నా నాలుకదా, బీరుదా? అసలు లాగర్ బాగుందో లేదో తేల్చుకోవడం ఎలా?

జవాబు: మీ నాలుకకేం కాలేదండీ. ఆ వెన్న వాసన పేరు డయాసిటైల్. పులిసేటప్పుడు ఈస్ట్ వల్లే పుడుతుంది, ఇంకొన్నాళ్లు ఆగితే ఆ ఈస్టే దాన్ని తినేస్తుంది కూడా. ట్యాంకు తొందరగా ఖాళీ కావాలని ఈస్ట్ పని పూర్తికాకముందే చల్లబరిచేస్తే అది బీరులోనే ఉండిపోతుంది. బీరు వచ్చే పైపులు సరిగ్గా కడగకపోతే బ్యాక్టీరియా చేరి కూడా ఇదే వాసన పుట్టిస్తుంది కాబట్టి, నేరం బ్రూవరీదో బారుదో అదే బీరు సీసాలో తాగితే గానీ చెప్పలేం. కొన్ని చెక్ లాగర్లలో లీలగా ఉంటే ఒప్పుకుంటారు. ముక్కు దాకా రాగానే గుప్పుమంటే మాత్రం ఎక్కడా ఒప్పుకోరు.

ఈ విషయంలో నేనూ దెబ్బతిన్నాను. పదహారేళ్లు ఒక బ్రూవరీ లేబొరేటరీలో రుచి చూడటమే నా పని. (వినడానికి పండగలా ఉంటుంది. పొద్దున్నే కాఫీ చుక్క కూడా ముట్టకుండా ఎనిమిది గ్లాసుల ముందు కూర్చుంటే తెలుస్తుంది.) కొత్తలో ఒక ట్యాంకు శాంపిల్ చల్లచల్లగా తాగి, శుభ్రంగా ఉందని సంతకం పెట్టేశాను. రెండు వారాలయ్యాక సీసాలు తెరిస్తే వెన్నే వెన్న! డయాసిటైల్‌గా మారబోయే పదార్థానికి వాసనుండదు. అది సీసాలో చేరాక తీరిగ్గా మారింది. అప్పట్నుంచి ఒకే ట్యాంకు నుంచి రెండు శాంపిళ్లు తీసి, మూత పెట్టి, ఒకదాన్ని 60 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచేదాన్ని. తర్వాత చల్లార్చి రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడటం. వేడి తగిలినదాంట్లో వెన్న బయటపడిందంటే ఆ ట్యాంకు ఇంకా ఆగాల్సిందే. “ఇంకెన్నాళ్లమ్మా?” అని సేల్స్ వాళ్లు ఎంత గింజుకున్నా సరే.

ఇక మీరు ఇంట్లో చూసుకోవడం గురించి. ఐసులో ముంచిన లాగర్‌లో తప్పులు దొరకవు. నాలుక మొద్దుబారుతుంది, వాసనలు పైకి లేవవు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, 6, 7 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. సగం తాగి, మిగతా సగం కావాలనే వదిలేయండి. 12 డిగ్రీలకొచ్చాక కూడా ఆ సగం తాగాలనిపిస్తే అది మంచి లాగర్. నేను మార్కులన్నీ ఆ రెండో సగానికే వేసేదాన్ని.

గ్లాసుకి సబ్బు గానీ జిడ్డు గానీ ఉండకూడదు. లోపలి గోడకి బుడగలు గుంపుగా అంటుకుంటే తప్పు గ్లాసుది, బీరుని తిట్టకండి. అంచు వెంబడి భయంభయంగా జారవిడవకుండా నురగ లేచేలా పొయ్యండి, పొయ్యగానే వాసన చూడండి. తాజా లాగర్‌లో అగ్గిపుల్ల గీసినట్టు చిన్న గంధకపు వాసన ఉంటే కంగారక్కర్లేదు, రెండు నిమిషాల్లో పోతుంది. ఉడికిన మొక్కజొన్న వాసనొస్తే లేతరంగు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసాన్ని చాలినంత జోరుగా మరిగించలేదేమోనని మొదట అనుమానించాలి. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే పాతబడింది, గాలి తగిలింది. పచ్చి యాపిల్ వాసన తొందరపాటుకి ఇంకో గుర్తు.

ఇన్ని తప్పులు చెబుతున్నానేంటి అనుకోవచ్చు. వెచ్చగా పులియబెట్టే ఏల్ బీర్లలో పళ్ల వాసనల వెనకో, చేదు కోసం వేసే హాప్స్ పూల ఘాటు వెనకో చిన్న తప్పు దాక్కుంటుంది. లాగర్‌లో దాక్కోవడానికి చోటు లేదు. “క్రాఫ్ట్” అనగానే రుచి గట్టిగా అరవాలనుకునేవాళ్లకి అందుకే ఇది చప్పగా తోస్తుంది. మంచి లాగర్‌లో ముందు బ్రెడ్ పైపొర లాంటి మాల్ట్ రుచి, దాని మీద పచ్చి ఆకుల్లాంటి హాప్స్ వాసన, చివర్న చేదు. ఆ చేదు ఎంతుందన్నది కాదు, ఎలా వెళ్లిపోతుందో చూడండి. గుటక దిగాక నాలుక వెనకభాగాన్ని గీరుతూ కూర్చుంటే బాలేనట్టే. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్‌లో యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్ కాచిన పిల్స్‌నర్ అనే లేతరంగు లాగర్‌కి అక్కడి ఖనిజాలు తక్కువున్న నీళ్లు కలిసొచ్చాయి. అలాంటి నీళ్లలో హాప్స్ దండిగా వేసినా చేదు గరుకెక్కదు. చెక్ పిల్స్‌నర్‌లో చేదు సుమారు 30 నుంచి 45 యూనిట్లుంటే (చేదుని కొలిచే IBU లెక్కలో), మ్యూనిక్‌వాళ్ల లేతరంగు లాగర్ హెలెస్‌లో 20 అటూఇటూ. హెలెస్ తాగి చేదు చాల్లేదనడం ఆ బీరుకి అన్యాయం.

మీ స్నేహితుల సంగతి. వాళ్లకి తేడా నిజంగా తెలుస్తుందో లేదో చూడాలంటే మూడు గ్లాసులు పెట్టండి. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో చూడకుండా చెప్పమనండి. ఊరికే అన్నా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి గ్లాసులు మార్చి మార్చి అయిదారుసార్లు అడగండి.

ప్రశ్న: తెల్ల (రంగులేని) గాజు సీసాలో లాగర్ కొని కిటికీ దగ్గర పెట్టి మర్చిపోయాను. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చాక తెరిస్తే భరించలేని కంపు. కుళ్లిపోయిందా?

జవాబు: కుళ్లలేదు, వెలుతురు కొట్టింది. హాప్స్ చేదు మీద వెలుతురు పడితే స్కంక్ అనే జంతువు వదిలే కంపుకి దగ్గరి చుట్టం లాంటి పదార్థం పుడుతుంది. నేరుగా ఎండ తగిలితే నిమిషాలు చాలు. ముదురు గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతంతమాత్రం, తెల్లది ఆపనే ఆపదు. ఫ్రిజ్‌లో పెట్టినా ఆ కంపు పోదు. సింకులో పారబొయ్యండి.