శత్రువుల మధ్య 'సహ' ఏమిటి?

సందేహం: మాది కొల్లాపూర్. మామిడి కొమ్మల మీద పెరిగే బదనికను మా అబ్బాయి సైన్స్ పాఠంలో 'పరాన్నజీవి' అన్నారు. ఇలాంటి జీవి, దానికి ఆశ్రయమిచ్చేది ఒకదాన్ని బట్టి ఒకటి మారుతూ రావడం 'సహపరిణామం' అట. దోచుకునేదానికీ దోపిడికి గురయ్యేదానికీ మధ్య 'సహ' ఎట్లా కుదురుతుంది? 'పరాన్నజీవుల పరిణామాలు' అని ఒక వ్యాసానికి శీర్షిక చూశాను. అది సరైనదేనా?

సమాధానం: 'సహ' కుదురుతుంది. సహకారం, సహాయం రోజూ వింటాం కాబట్టి అందులో మంచితనం ఉందనిపిస్తుంది. దాని అర్థం 'కలిసి, తోడుగా' అని మాత్రమే. సహోదరులంటే ఒకే కడుపున పుట్టినవాళ్లు. గెట్టు పంచాయితీతో కోర్టు మెట్లెక్కినా వాళ్లు సహోదరులే. మన 'తో' చూడండి. 'వానితో దోస్తీ', 'వానితో కొట్లాట': రెండింటికీ అదే ప్రత్యయం.

శాస్త్రంలోనూ అంతే. 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవన్ రాసిన వ్యాసంతో ఈ భావన బాగా వ్యాపించింది. వాళ్లు రాసింది సీతాకోకచిలుకల గురించి, వాటి గొంగళిపురుగులు తినే మొక్కల గురించి. మొక్కలో విషం పుడుతుంది, తరతరాలుగా పురుగుకు ఆ విషాన్ని తట్టుకునే శక్తి వస్తుంది. అది పోరే కదా!

ఇలాంటి జంటను మన పాతవాళ్లు ఎంత చక్కగా గమనించారో చెప్పకుండా ఉండలేను. అమరకోశంలో కోకిలకు 'పరభృతం' అని పేరు, అంటే ఇతరులు పెంచింది. కాకికి 'పరభృత్తు', ఇతరులను పెంచేది. ఒకే ధాతువు, చివర చిన్న తేడా. కాకి గూట్లో కోకిల పెట్టే గుడ్డు కాకి గుడ్డును పోలి ఉంటుంది, దాని పిల్ల కాకి పిల్లల కంటే ముందే బయటికి వస్తుంది.

ఇక బదనిక. దయచేసి ఈ మాటను వదలకండి, పిల్లలకు రెండు పేర్లూ చెప్పండి. 'పరాన్నం' అంటే పరుల తిండి. బదనిక చెట్టు నుంచి నీళ్లు, లవణాలు లాగుతుంది గానీ దానికీ పచ్చటి ఆకులున్నాయి, తిండి చాలావరకు తనే వండుకుంటుంది. అందుకే 'అర్ధపరాన్నజీవి' అనడం ఇంకా సరైనది. కడుపులోని నులిపురుగుకైతే 'పరాన్నజీవి' అక్షరాలా సరిపోతుంది.

మీరు చూసిన శీర్షికలో మాత్రం తికమక ఉంది. 'రాజకీయ పరిణామాలు' చదివి చదివి, బహువచనం వినగానే మనకు సంఘటనలో పర్యవసానాలో తోస్తాయి. జీవశాస్త్రంలో 'పరిణామం' అంటే తరాల మీద వచ్చే మార్పు. చుట్టూ ఉన్న ప్రకృతి మీద పరాన్నజీవి చూపేది 'ప్రభావం'. ఆస్ట్రేలియాలో పరిశోధకులు కొన్ని చిట్టడవుల్లో బదనిక జాతి మొక్కలను తీసేసి చూస్తే, మూడేళ్లకు అక్కడ పక్షి జాతులు తగ్గాయి. మీ తోటలో బదనిక పట్టిన కొమ్మను కొట్టేయక తప్పదు, అది వేరే సంగతి. ఆ వ్యాసం ఇలాంటివి చెప్పేదైతే 'పరాన్నజీవుల ప్రభావం' అని ఉండాల్సింది.