గ్లూటెన్ లేని తిండికి ఖర్చు తగ్గేదెలా?

ప్రశ్న: మా బాబుకి సీలియాక్ జబ్బని తేలింది. గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగులు దెబ్బతింటాయట. అది ఉండే గోధుమ, బార్లీ, రై ధాన్యాలు దేనిలో ఉన్నా పెట్టొద్దన్నారు. అప్పటి నుంచి సరుకుల బిల్లు చూస్తే టెన్షన్. ఏం చేయను?

జవాబు: నాదీ అదే జబ్బేనమ్మా. మొదటి నెల నేనూ కంగారుపడి, ‘గ్లూటెన్ ఫ్రీ’ అని కనబడ్డ ప్రతి ప్యాకెట్టూ బుట్టలో వేసుకున్నాను. ఆ బ్రెడ్డేమో రెండో రోజుకే ఇటుకరాయి. సగం చెత్తబుట్టకే పోయేది.

డబ్బంతా గోధుమకి నకళ్లు కొనడానికే పోతోందని తర్వాత తెలిసింది. బియ్యం, మొక్కజొన్న, బంగాళదుంపలు, గుడ్లు, పాలు, కూరగాయల్లో సహజంగానే గ్లూటెన్ ఉండదు. రోజువారీ భోజనం వీటితోనే, ఇంటిల్లిపాదికీ ఒకటే వండండి. రెండు వంటలు పెట్టుకుంటే గ్యాసూ, ఓపికా రెండూ దండగే. బ్రెడ్డు మాత్రం తెచ్చిన రోజే ముక్కలుగా ఫ్రీజర్లో పెట్టి, కావలసిన రెండు తీసి కాల్చివ్వండి.

పొదుపు చేయకూడని చోటూ ఒకటుంది: విడిగా అమ్మే పిండి. చవకే, కానీ గోధుమపిండిలో ముంచిన గరిటెనే అందులోనూ ముంచుతారు. పిండి, ఓట్స్ ‘గ్లూటెన్ ఫ్రీ’ లేబుల్ ఉన్నవే కొనండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ మించకపోతేనే ఆ ముద్ర వేయాలి. సోయా సాస్ సీసా వెనక చిన్నక్షరాలు కూడా చదవండి. చాలావాటిలో గోధుమ ఉంటుంది. నేను అక్కడే దెబ్బతిన్నాను.