వాల్టర్ కోన్ కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త వాల్టర్ కోన్ మీద నువ్వు రాసిన జీవితకథ చదివాను. నీకు రాయడం వచ్చు. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. ‘ఆ కష్టాలే ఆయన్ని నోబెల్ దాకా నడిపించాయి’ అన్న వాక్యం కొట్టెయ్యి. కథంతా దాని చుట్టూ అల్లావు కాబట్టి చాలా భాగం తిరగరాయాల్సి వస్తుంది. అయినా సరే.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియా రాజధాని వియన్నాలో అడుగుపెట్టేనాటికి కోన్‌కి అప్పుడే పదిహేనేళ్లు నిండాయి. యూదుడని బడి నుంచి తీసేశారు. తండ్రి పోస్ట్‌కార్డుల వ్యాపారం లాక్కుని, పైసా ఇవ్వకుండా ఆయన చేతే నడిపించారు. ఇదంతా బాగా రాశావు. తర్వాత చేరిన యూదుల బడిని మాత్రం ఒక్క ముక్కలో దాటేశావు. అసలు సంగతి అక్కడే ఉంది. అంతకుముందు ఆ కుర్రాడికి ఇష్టమైన సబ్జెక్టు లాటిన్. ఫిజిక్స్ చెప్పిన ఎమిల్ నోహెల్, లెక్కలు చెప్పిన విక్టర్ సబ్బాత్ అతన్ని సైన్సు వైపు తిప్పారు. బయట యూదుల మీద దౌర్జన్యాలు జరుగుతుంటే లోపల వాళ్లు శ్రద్ధగా పాఠం చెప్పారు. ఆ ఇద్దరూ తర్వాత నాజీలకు బలైపోయారు. కష్టమే మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందంటే మరి వాళ్ల సంగతేమిటి? బతికి బయటపడ్డ ఒక్కడి విజయం చూపించి, ఆ ఘోరం వల్ల ఏదో మేలు జరిగిందన్నట్టు రాసే హక్కు మనకు లేదమ్మా.

1939 ఆగస్టులో, యుద్ధానికి మూడు వారాల ముందు, అతను కిండర్‌ట్రాన్స్‌పోర్ట్‌లో ఇంగ్లండ్ చేరాడు. సుమారు 10,000 మంది పిల్లల్ని అమ్మానాన్నలు లేకుండా బ్రిటన్‌కి చేర్చిన ఏర్పాటది. వీడ్కోలు వేళ తల్లి అన్నట్టు నువ్వు రాసిన మాటలు నీ ఊహే అయితే తీసెయ్యి. 1944లో ఆవిణ్ణీ భర్తనీ నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌లో చంపేశారు. ‘నేనలా అనలేదు’ అని చెప్పడానికి ఆవిడ లేదు. ‘మూడు వారాల ముందు’ అని రాస్తే చాలు, చదివేవాళ్ల గుండె ఆగుతుంది.

ఇంగ్లండ్ చేరగానే గండం గడిచిందన్నట్టు రాశావు. గడవలేదు. రైతు అవుదామనుకుని వ్యవసాయ శిక్షణలో చేరితే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి అది కాస్తా ఆగిపోయింది. 1940 మేలో, ఆశ్రయం ఇచ్చిన దేశమే అతన్ని శత్రుదేశస్థుడని నిర్బంధించింది. హిట్లర్ లెక్కలో యూదుడు; ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయింది కాబట్టి బ్రిటన్ లెక్కలో జర్మన్. పదిహేడేళ్ల వాణ్ణి ఓడెక్కించి కెనడా నిర్బంధ శిబిరాలకు పంపారు. ఈ భాగంలో తొందరపడకు. అడవిలో చెట్లు కొడితే రోజుకి 20 సెంట్లు ఇచ్చేవాళ్లు. ఆ డబ్బు కూడబెట్టి అతను కొనుక్కున్నవి రెండు పుస్తకాలు: హార్డీ రాసిన గణితం, స్లేటర్ రాసిన రసాయన భౌతికశాస్త్రం. శిబిరంలో ఖైదీలే బడి పెట్టుకుని ఒకరికొకరు చదువు చెప్పుకున్నారు. ‘పట్టుదల’ అన్న మాట నీ రాతప్రతిలో అడుగడుగునా ఉంది. ఈ వివరాలు రాస్తే ఆ మాటతో పనే ఉండదు.

1942 జనవరిలో విడుదలయ్యాక టొరంటోలో ఒక కుటుంబం అతన్ని ఇంట్లో పెట్టుకుంది. యూనివర్సిటీలో రసాయనశాస్త్ర భవనంలోకి మాత్రం రానివ్వలేదు. అక్కడ యుద్ధ పరిశోధనలు జరుగుతున్నాయి, ఇతనేమో జర్మన్ జాతీయుడు. ఆ వెంటనే నువ్వు ‘అదే రసాయనశాస్త్రంలో 1998లో నోబెల్!’ అని ఆశ్చర్యార్థకం పెట్టావు. ఆ రోజు ఆ గుమ్మం ముందున్న కుర్రాడికి 1998 తెలియదు. వెనక్కి తిరిగి గణితం, ఫిజిక్స్ చదువుకున్నాడు, అంతే. అంతవరకే చెప్పి ముందుకు వెళ్లు. హార్వర్డ్ చదువు, 1964, 1965లో అణువుల్లో ఎలక్ట్రాన్ల సాంద్రత మీద చేసిన పని, ఆ తర్వాత బహుమతి వాటి వరసలో అవి రావాలి. ఆ భవనం సంగతి అప్పుడు పాఠకుడికే గుర్తొస్తుంది.

తల్లిదండ్రుల మరణాన్ని చివరి పేజీలో కన్నీళ్ల కోసం దాచిపెట్టావు. దాన్ని 1944కే చేర్చు. అప్పటికి అతనికి ఇరవై ఒక్కేళ్లు, కెనడాలో ఉన్నాడు. ఆ పేరా తర్వాత వచ్చే ప్రతి విజయాన్నీ ఆ లోటుతోనే చదవాలి మనం.

తిరగరాసి పంపు. ఈసారి నోహెల్‌కీ సబ్బాత్‌కీ కనీసం ఒక పేజీ ఇవ్వు.