తడవక తప్పదు, వణక్కుండా ఉండొచ్చు

స్కాట్లండ్ హైలాండ్స్‌లో దూరపు నడకకు సిద్ధమవుతున్న పాఠకుల ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రశ్న: మేం ముగ్గురం రెండేళ్ల క్రితం వెస్ట్ హైలాండ్ వే హాయిగా నడిచేశాం. వచ్చే మే నెలలో కేప్ రాత్ ట్రెయిల్‌కి వెళ్దామనుకుంటున్నాం. రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున 15 రోజులు వేసుకున్నాం. సరిపోతాయా?

జవాబు: సరిపోవు. వెస్ట్ హైలాండ్ వే 154 కిలోమీటర్లు. దారంతా గుర్తులుంటాయి, సాయంత్రానికి ఏదో ఒక ఊరు తగులుతుంది. కేప్ రాత్ దారికి గుర్తుల్లేవు సరికదా, ఇదీ దారి అని అధికారికంగా గీసిందీ లేదు. స్కాట్లండ్ వాయవ్య కొస అయిన కేప్ రాత్ చేరడానికి ఫోర్ట్ విలియం పట్టణంలో బయలుదేరి కొందరు గ్లెన్‌ఫిన్నన్ ఊరు, నాయ్‌డార్ట్ అనే మారుమూల ద్వీపకల్పం మీదుగా పోతారు. మరికొందరు గ్రేట్ గ్లెన్ అనే పొడవాటి లోయ వెంట వెళ్లి తర్వాత కలుస్తారు. ఎటు పోయినా దాదాపు 370 కిలోమీటర్లు.

1892లో విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ చలామణీలో ఉంది: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆ ప్రకారం 20 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న రోజుకు ఐదున్నర గంటలు. మంచి బాట ఉన్నచోట ఇది నిలుస్తుంది. నాయ్‌డార్ట్‌లో వాన వెలిసిన మర్నాడు అదే దూరానికి ఎనిమిది గంటలు పెట్టుకోండి. అక్కడ ఆలస్యం చేసేది ఎక్కుడు కాదు, కాలికింది నేల. పీట్ అనే నల్లటి చిత్తడి, గడ్డి దుబ్బుల మధ్య కనపడని గుంటలు, ప్రతి వాగు దగ్గరా దాటే చోటు కోసం వెతుకులాట. రోజుకు 18 నుంచి 20 కిలోమీటర్లు వేసుకుని, పైన రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీ రోజులు విశ్రాంతికి కాదు, ఏరు తగ్గేదాకా కూర్చోవడానికి.

ప్రశ్న: ఏరు తగ్గేదాకా కూర్చోవాలని అందరూ అంటారు. ఎంతసేపని? దాటొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఈ నడకలో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో మొదటిది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. పశ్చిమ హైలాండ్స్ కొండలు నిటారుగా ఉంటాయి, రాతి మీద పలచని పీట్ పొర తప్ప ఏమీ ఉండదు. అది అప్పటికే నానిపోయి ఉంటుంది, కొత్తగా పడ్డ వాన నిలవకుండా జారిపోతుంది. అందుకే పొద్దున చీలమండ లోతున్న వాగు గంటా రెండు గంటల్లో నడుము లోతవుతుంది. వచ్చినంత తొందరగానూ పోతుంది. వాన ఆగితే చిన్న వాగులు చాలావరకు ఒక రాత్రిలో దిగుతాయి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి అరగంటకోసారి చూడండి. పుల్ల మునుగుతుంటే టెంటు వేసేయండి, అదీ ఒడ్డుకు బాగా ఎత్తున.

నీరు గోధుమరంగుకు తిరిగినా, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించినా దిగొద్దు. దిగువన జలపాతమో, బండలో, పడిపోయిన చెట్టో ఉంటే లోతు తక్కువైనా ఆ చోటు వదిలేయండి. ఇరుగ్గా ఉన్నచోట దగ్గర కదా అనిపిస్తుంది, కానీ లోతూ వేగమూ అక్కడే ఎక్కువ. వెడల్పుగా పాయలుగా చీలిన చోటు వెతకండి. రెండు వాగులు కలిసే చోటుంటే దానికి ఎగువన ఒక్కొక్కటీ విడివిడిగా దాటడం మేలు. ఉరవడి ఉన్న నీళ్లయితే మోకాలి లోతే హద్దు. నెమ్మదిగా పారే నీళ్లయినా తొడ సగం దాటితే వెనక్కి రండి.

బూట్లు విప్పొద్దు. మేజోళ్లు తీసి, వట్టి పాదాలకు బూట్లు తొడుక్కుని దిగండి. నీళ్లకు తెరచాపలా ఉబ్బే రెయిన్ ప్యాంటు తీసేయండి. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ ఊడదీయాలి. ఇది చాలామంది మరిచిపోతారు; పడినప్పుడు బ్యాగు వీపున ఉండిపోతే బోర్లా తిప్పేస్తుంది. ముఖం ఎగువకు పెట్టి, కర్ర మూడో కాలుగా ఆనించి, ఒకసారి ఒక్కటే కదపండి: కర్ర, ఒక కాలు, రెండో కాలు. మీరు ముగ్గురు కనుక ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడండి. బలమైనవారు కర్రతో ముందు, మిగతా ఇద్దరూ ముందువారి బ్యాగు భుజపట్టీలు పట్టుకుని కిందికి నొక్కుతూ పక్క అడుగులు వేయాలి. తాడు కట్టుకోవద్దు, అది తెలిసినవారి చేతిలో తప్ప మనిషిని నీటి కిందే పట్టి ఉంచుతుంది.

మ్యాపులో వంతెన ఉన్నంత మాత్రాన ఏటి మీద ఉంటుందని నమ్మొద్దు. నాయ్‌డార్ట్‌లో సౌర్లీస్ అనే గుడిసె దగ్గర ఇంకో తిరకాసు ఉంది. అక్కడ దారి లాఖ్ నెవిస్ ఒడ్డునే సాగుతుంది. అది సముద్రపు పాయ కాబట్టి పోటు సమయంలో ఆ ఒడ్డు మునుగుతుంది, పక్కనున్న గుట్ట ఎక్కి దిగాల్సిందే. ఆటుపోట్ల వేళలు ఫోర్ట్ విలియంలోనే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మంచి వాటర్‌ప్రూఫ్ బూట్లు కొన్నాను. చుక్క నీరు చొరదన్నారు. నిజమేనా?

జవాబు: అడుగు నుంచి చొరదు, పైనుంచి వస్తుంది. చీలమండ దాటి దిగబడిన మొదటి గుంటతో బూటు నిండుతుంది. లోపలి పొర ఆ నీటిని బయటికీ పోనివ్వదు. ఆ తర్వాత రెండు రోజులు ఆ బూటు ఒక చెంబు. తొందరగా నీరు కారి ఆరే, అడుగు గట్టిగా పట్టే వల లాంటి షూ ఈ దారికి నయమని మా అభిప్రాయం; చీలమండకు ఊతం అవసరమైనవారి సంగతి వేరు.

పాదాలు పగలంతా తడిగా ఉంటాయని ముందే ఒప్పేసుకోండి. రాత్రి ఏడెనిమిది గంటలు మాత్రం పొడిగా ఉండి తీరాలి, లేకపోతే చర్మం నాని ముడతలు పడి ఊడివస్తుంది. ఉన్ని మేజోళ్లు నడకకు రెండు జతలు, పడుకోవడానికి ఒక జత. ఆ మూడో జతను ఏం జరిగినా పగలు తొడగొద్దు. పొద్దున్నే తడి మేజోళ్లు వేసుకునే ముందు పాదాలకు వాజెలిన్ పట్టించండి. నూలు బట్టలు ఒక్కటీ వద్దు. స్లీపింగ్ బ్యాగు కంఫర్ట్ అంకె (హాయిగా పడుకోగల ఉష్ణోగ్రత) సున్నా డిగ్రీల దగ్గర ఉన్నది తీసుకుని, నోరు మడిచే వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టండి. బ్యాగు మీద కప్పే కవర్‌ను గాలి ఎత్తుకుపోతుంది.

అయిదారు డిగ్రీల ముసురు, పైన గాలి: మంచు లేకుండానే ఒళ్లు చల్లబడిపోవడానికి అది చాలు. తోడున్నవారి మాట తడబడినా, అడుగు తూలినా, చిన్న పనికి వేళ్లు ఆడకపోయినా అక్కడే ఆపి టెంటు వేసి, తడి బట్టలు మార్పించి, వేడిగా తియ్యగా తాగించండి.

ప్రశ్న: శాకాహారిని. తిండి, గ్యాస్ ఎంత మోయాలి?

జవాబు: గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కించనివ్వరు, చెక్-ఇన్ సామానులో అయినా సరే. స్టవ్ మాత్రం శుభ్రంగా కడిగి తీసుకెళ్లి, డబ్బా ఫోర్ట్ విలియంలో కొనుక్కోండి. రోజుకు లీటరున్నర నీళ్లు మరిగిస్తే సుమారు 25 గ్రాములు ఖర్చు, అంటే 230 గ్రాముల డబ్బా ఒక్కరికి ఎనిమిది తొమ్మిది రోజులు. గాలికి అడ్డు లేకుండా వండితే ఈ లెక్క సగానికి పడిపోతుంది. టెంటు మూసి లోపల వెలిగించొద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

తిండి రోజుకు 700 నుంచి 800 గ్రాములు, నీరు లేనివే. వంద గ్రాములకు సగటున 450 కేలరీలు వచ్చేలా చూసుకోండి. ఓట్స్, కుస్‌కుస్ ఒక్కటే అయితే 370 దగ్గర ఆగిపోతారు. పీనట్ బటర్, బాదం, చీజ్, చిన్న సీసాలో ఆలివ్ నూనె ఆ లోటు తీరుస్తాయి. కిన్‌లాఖ్యూలో చిన్న దుకాణం, అలపూల్‌లో సూపర్‌మార్కెట్ ఉన్నాయి. అలపూల్ దారి మీద ఉండదు, బస్సో లిఫ్టో చూసుకోవాలి. చివర్లో కిన్‌లాఖ్‌బెర్వీ ఊళ్లో ఇంకో దుకాణం. మధ్యలో బస చేసే చోట ముందుగా అడిగి పార్సిల్ పంపుకోవచ్చు.

ప్రశ్న: మిడ్జ్‌లంటే దోమలేనా?

జవాబు: దోమలు కావు, మన నుసుముల్లాంటివి, కాకపోతే కుడతాయి. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా వాటి రాజ్యం. గంటకు 11 కిలోమీటర్ల పైన గాలి వీస్తే ఎగరలేవు కనుక గుడారానికి గాలి తగిలే మెరక చూడండి. తలకు వల తప్పనిసరి. మే మొదటి సగంలో నడిస్తే వీటి బెడద పెద్దగా ఉండదు. పిడుదుల బెడద మాత్రం అప్పుడూ ఉంటుంది. రోజూ రాత్రి చంకలు, గజ్జలు, మోకాలి వెనక వెతికి, సన్నమొన పట్కారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగేయండి. నూనె పూయడం, కాల్చడం వద్దు. మూడు రోజుల నుంచి నెల లోపు కుట్టినచోట ఎర్రగా వలయంలా పాకితే అది లైమ్ జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: టెంటు ఎక్కడైనా వేసుకోవచ్చా? బోథీలకు బుకింగ్ ఉందా?

జవాబు: 2003 నాటి భూసంస్కరణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇళ్లకు దూరంగా, కొద్దిమంది, ఒకచోట రెండు మూడు రాత్రులు మించకుండా ఉండాలి. లాఖ్ లోమండ్ సరస్సు ఒడ్డున కొన్నిచోట్ల మాత్రం మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ కావాలి. బోథీలంటే తాళం లేని రాతి గుడిసెలు, చాలావరకు 1965లో పుట్టిన మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ చూసుకుంటుంది. అద్దె లేదు, బుకింగ్ లేదు, నిండి ఉండొచ్చు, కాబట్టి టెంటు మానొద్దు. మరుగుదొడ్లు ఉండవు. చిన్న పార తీసుకెళ్లి నీటికి కనీసం 30 మీటర్ల దూరంలో గుంట తవ్వండి.

ప్రశ్న: ఫోను అందకపోతే సాయం ఎలా? నడక ముగిశాక తిరుగు ప్రయాణం?

జవాబు: 999కి చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. బ్రిటన్ సిమ్ ఉంటే ‘రిజిస్టర్’ అనే ఇంగ్లిషు మాట 999కి మెసేజ్‌గా పంపి ముందే నమోదు చేసుకోండి. మాట అందనిచోట మెసేజ్ పోతుంది. ఈల అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ.

కేప్ రాత్ చుట్టుపక్కల సైన్యం కాల్పుల సాధన చేస్తుంది. ఆ వేళలు ముందే ప్రకటిస్తారు, ఎర్రజెండా ఉంటే కంచె దాటకూడదు. శాండ్‌వుడ్ బే దగ్గరికి చేరాక తెలిస్తే అక్కడే రోజంతా కూర్చోవాల్సి వస్తుంది, కిన్‌లాఖ్‌బెర్వీలోనే కనుక్కోండి. 1828లో కట్టిన దీపస్తంభం దాకా నడిచాక డర్నెస్ అనే ఊరు చేరడానికి మినీబస్సు, ఆపైన చిన్న పడవ. రెండూ వేసవిలోనే తిరుగుతాయి, గాలి ఎక్కువైతే పడవ కట్టేస్తారు. కిన్‌లాఖ్‌బెర్వీలో తిండి సర్దుకునేటప్పుడు రెండు రోజులది అదనంగా వేసుకోండి.