టార్పాలిన్ కింద ఉన్న పాత ఇంజిన్‌ను అమ్మకండి

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారు 1991లో కొన్న పెట్రోలు అంబాసిడర్ కారు మా ఇంట్లో ఉంది. అక్కను అత్తవారింటికి సాగనంపింది ఆ కారులోనే, నన్ను కాలేజీలో చేర్చడానికి నాన్నగారు తీసుకువెళ్లిందీ అందులోనే. ఆయన కాలం చేసి మూడేళ్లయింది. పాత ఇంజిన్ పొగ కక్కుతూ మొరాయిస్తుండడంతో పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఆటోనగర్‌లోని ఒక పాత సామాన్ల దుకాణంలో 1817 సీసీ ఇసుజు ఇంజిన్, అయిదు గేర్ల బాక్సు కలిపి 65 వేలకు కొన్నాను. మా ఊరి మెకానిక్, నేను కలిసి ఇంటి వెనక షెడ్డులోనే వాటిని బిగించుకున్నాం. మొత్తం 1,40,000 రూపాయలు ఖర్చయింది. ఆర్‌సీ గడువు ఈ నవంబరుతో తీరిపోతుందని కారును చూపించడానికి రవాణా కార్యాలయానికి వెళితే, ఇన్‌స్పెక్టరు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు (పెన్సిల్ ప్రింటు) తీసి, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోలడం లేదన్నారు. పదకొండు రోజుల కిందట నాన్నగారి పేరున రిజిస్టర్డు పోస్టులో నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని అందులో ఉంది. చనిపోయినవారి పేరున వచ్చిన నోటీసు చెల్లదని ఒక మిత్రుడు, పని జరిగి ఏడాది దాటింది కాబట్టి ఇక కేసు ఉండదని మరొక మిత్రుడు అన్నారు. అదే కంపెనీ అంబాసిడర్‌లో ఇదే ఇంజిన్ పెట్టి అమ్మింది కదా, అభ్యంతరం ఏమిటి? కొత్త ఇంజిన్ మీద పాత నంబరు పంచ్ కొట్టి ఇస్తానని, షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉన్న పాత ఇంజిన్‌ను, గేర్‌బాక్సును తుక్కు కింద 8 వేలకు తనకు ఇచ్చేయమని మెకానిక్ అంటున్నాడు. అతని మీద దావా వేయవచ్చా? నాన్నగారి గుర్తు నిలుపుకొనే దారి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నాన్నగారి గురించి ఉంది. మీ కేసును తేల్చే విషయం మాత్రం చివరలో, మాటవరసకు చెప్పినట్టుగా వచ్చింది. పాత ఇంజిన్ ఇంకా మీ షెడ్డులో ఉంది. దాన్ని 8 వేలకు కాదు, 80 వేలకైనా అమ్మవద్దు. ఆర్‌సీలో రాసి ఉన్న నంబరు దాని మీదే ఉంది కాబట్టి, ఆ ఇనుప ముద్ద ఇల్లు దాటిన రోజున మీకు చెప్పగలిగిన సమాధానం కూడా దానితోపాటే వెళ్లిపోతుంది.

కారణం మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 55(5). వాహనం మీద ముద్రించి ఉన్న ఇంజిన్ నంబరు గాని, ఛాసిస్ నంబరు గాని ఆర్‌సీలోని నంబరుతో తేడాగా ఉంటే, యజమానికి తన వాదన చెప్పుకొనే అవకాశం ఇచ్చి, కారణాలు రాసి, రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని ఆ నిబంధన చెబుతుంది. రద్దు చేయవచ్చు అనలేదు, చేయాలి అన్నది. మీకు వచ్చిన నోటీసు ఆ అవకాశమే. అయితే ఆ నిబంధన మాట్లాడేది వాహనం మీద ఇప్పుడు ఉన్న నంబరు గురించి. అధికారి నిర్ణయం తీసుకొనే నాటికి పాత ఇంజిన్ తిరిగి కారులో ఉండి, నంబరు ఆర్‌సీతో సరిపోలితే, రద్దుకు ఆధారమైన తేడా మిగలదని వాదించడానికి మీకు గట్టి నేల దొరుకుతుంది. నాకు కనిపిస్తున్న దారి ఇదొక్కటే.

అదే కంపెనీ అదే ఇంజిన్ పెట్టి అమ్మింది కదా అన్న మీ వాదన వినడానికి బాగుంది గాని నిలవదు. ఇసుజు ఇంజిన్‌తో అంబాసిడర్ వచ్చిన మాట నిజమే. కాని సెక్షన్ 52(1) చూసేది ఆ కంపెనీ ఇతర కార్లలో ఏమేమి పెట్టిందన్నది కాదు. మీ కారుకు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయరాదన్నదే ఆ నిబంధన. మీ కారు 1489 సీసీ, నాలుగు గేర్లతో రోడ్డు మీదికి వచ్చింది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలు మారేలా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని, రాష్ట్ర నియమాలు ఏవైనా ఈ సెక్షన్‌కు లోబడే ఉండాలని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో స్పష్టం చేసింది. గ్యాస్, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మారడానికి కిట్ అమర్చుకొనే వెసులుబాటు ఆ సెక్షన్‌లో ఉంది గాని, పెట్రోలు ఇంజిన్ తీసి ఇంకో పెట్రోలు ఇంజిన్ పెట్టిన మీకు అది వర్తించదు. పైగా స్టీరింగు పక్కన ఉన్న గేరు రాడ్డును నేల మీదికి తేవడానికి ఫ్లోరు కోయించి, ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును కుదించి వెల్డింగు చేయించి ఉంటారు. అది వాహన నిర్మాణంలో మార్పు కాదని ఏ అధికారి ముందు చెప్పగలరు? అనుమతి లేకుండా జరిగిన మార్పును 14 రోజుల్లో తెలియజేయాలని సెక్షన్ 52(3) చెబుతుంది. మీరు 14 రోజులు కాదు, దాదాపు ఇరవై ఒక్క నెలలు ఊరుకున్నారు.

ఇక మిత్రుల సలహాలు. రిజిస్ట్రేషన్ రద్దు నోటీసును ఆర్‌సీలో ఉన్న చిరునామాకు రిజిస్టర్డు పోస్టులో పంపాలని చట్టమే చెబుతుంది, కార్యాలయం అదే చేసింది. యజమాని చనిపోయిన సంగతి వారికి చెప్పవలసినవారు మీరు. మరణించిన 30 రోజుల్లో ఆ సంగతి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 దాఖలు చేసి కారును వారసుల పేరుకు మార్చుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 56వ నియమం చెబుతుంది. మూడేళ్లపాటు ఆ పని చేయకుండా, ఇప్పుడు ఆ నిర్లక్ష్యాన్నే రక్షణగా చూపాలనుకోవడం ఏమిటి? నోటీసు కవరును బల్ల సొరుగులో పెట్టి పదకొండు రోజులు కూర్చోవడం ఇంకా పెద్ద తప్పు. ఆ కవరు మీద తపాలా ముద్ర ఉంటుంది. రేపు అప్పీలులో మీకు పనికివచ్చే తేదీ అదే కాబట్టి కవరు పారేయవద్దు.

ఏడాది దాటింది అన్న మాటలో సగమే నిజం ఉంది. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. అంత శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి నేర విచారణ విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని సెక్షన్ 514 ఏడాది కాలపరిమితి పెట్టింది. అయితే అదే సంహితలోని సెక్షన్ 518, కొనసాగే నేరానికి కాలం ప్రతి క్షణం కొత్తగా మొదలవుతుందంటుంది. మార్చిన కారును మొన్నటివరకు నడిపారు కాబట్టి ఇది కొనసాగే నేరమేనని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఏమిటంటే, రిజిస్ట్రేషన్ రద్దు శిక్ష కాదు, కార్యాలయం తీసుకొనే చర్య. దానికి ఈ కాలపరిమితి అడ్డు రాదు. జరిమానా సంగతికి వస్తే, రాజీ రుసుము కట్టి ముగించుకోగల నేరాల్లో సెక్షన్ 200 దీన్ని చేర్చింది. దానికి భయపడి తప్పు మీద తప్పు చేయవద్దు.

ఆ రెండో తప్పు మెకానిక్ ఇస్తానన్న పంచ్. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పను. ఇప్పటివరకు మీరు చేసినది అనుమతి లేని మార్పు. ఇసుజు నంబరును గ్రైండరుతో అరగదీసి పాత నంబరు కొట్టిన క్షణం నుంచి అది మోసం అవుతుంది. మోసగించి ఎదుటివారి నుంచి సొత్తు గాని, విలువైన పత్రం గాని రాబట్టుకున్నవారికి, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు ఉండవచ్చు. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు నేను పైన చెప్పిన కాలపరిమితి అసలు లేదు కాబట్టి, పదేళ్ల తరువాత కారు కొన్నవాడు ఫిర్యాదు చేసినా మీరు నిందితులే. అది బయటపడదని కూడా అనుకోవద్దు. నంబరు కొట్టినప్పుడు అచ్చు పడిన గీతల కింద లోహం కూడా నలుగుతుంది. పైపొర అరగదీసినా లోపలి నలుగుడు మిగిలే ఉంటుంది, ఫోరెన్సిక్ లేబొరేటరీలో ఆమ్లం పూసి దాన్ని పైకి తెస్తారు. పైగా ఇన్‌స్పెక్టరు తీసుకున్న పెన్సిల్ ప్రింటు ఇప్పటికే ఫైలులో ఉంది. అక్కడ ఒక నంబరు, రేపు మీరు చూపే కారు మీద మరో నంబరు ఉంటే, పాత ఇంజిన్ షెడ్డులో కూడా లేకపోతే, ఏమని సమాధానం చెబుతారు? పాత ఇంజిన్‌ను తుక్కుకు అడిగినవాడే పంచ్ కొడతానంటున్నాడన్న సంగతి గమనించారా? ఆ నంబరుతో ఆ ఇంజిన్ రేపు ఇంకో కారులో తిరగవచ్చు.

ఇసుజు ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది మరో చిక్కు. మీరు పంపిన చీటీ నకలులో "ఇంజిన్ సెట్టు 1 - 65,000" అని మాత్రమే ఉంది. దుకాణం పేరు, సంతకం, ఇంజిన్ నంబరు, ఆ ఇంజిన్ తీసిన కారు నంబరు ఏవీ లేవు. కారు తుక్కుగా మారితే దాని యజమాని 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. ఆ పని జరగకపోతే ఆ నంబరు రికార్డుల్లో ఇంకా ఎవరి పేరునో సజీవంగా ఉన్నట్టే. అది దొంగ కారు నుంచి వచ్చినదైతే, దొంగ సొత్తు అని తెలిసి గాని, నమ్మడానికి కారణం ఉండి గాని కొన్నారా అన్న ప్రశ్న మీ మీదికి వస్తుంది. రసీదు లేని కొనుగోలు ఆ ప్రశ్నకు మంచి జవాబు కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో పోర్టల్‌లో ఆ ఇంజిన్ నంబరు సరిచూసుకొని, ఫలితాన్ని అచ్చు తీసి ఉంచుకోండి. దుకాణదారు చేత నంబరుతో సహా బిల్లు రాయించుకోండి. పాత తేదీ వేయించవద్దు. ఈనాటి తేదీతో, ఫలానా రోజున అమ్మాను అని రాస్తే చాలు.

సాక్ష్యం ఇలా కూడగట్టండి. టార్పాలిన్ తీసి, పాత ఇంజిన్ నంబరు మీద పేరుకున్న గ్రీజును కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. ఎమరీ పేపరు, వైరు బ్రష్షు తాకించవద్దు, ఆ గీతలు చూసినవారికి చెరిపే ప్రయత్నంలాగే కనిపిస్తాయి. నంబరును దగ్గరగా, ఇంజిన్ మొత్తాన్ని దూరంగా ఫోటోలు తీయండి. పల్చని కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఇసుజు ఇంజిన్‌ను దించేముందు, పాతది బిగించాక మళ్లీ ఇవే చేయండి. ఈసారి షెడ్డులో చైన్ బ్లాకు కట్టుకొని సొంతంగా దించుకోవద్దు. బిల్లు ఇచ్చే వర్కుషాపులో పని చేయించి, తీసిన నంబరు, పెట్టిన నంబరు రెండూ ఆ బిల్లులో రాయించండి. మెకానిక్ పంపిన వాట్సాప్ సందేశాలను చెరపవద్దు, ఫోను మార్చవద్దు. వాటిని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి.

పాత ఇంజిన్ బ్లాకు పగిలి పనికిరాకపోతే, అదే రకం 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ను బిల్లుతో కొని, బిగించకముందే రవాణా కార్యాలయంలో రాతపూర్వక అనుమతి కోరండి. నంబరు మాత్రమే మారి రకం మారకపోతే, తయారీదారు వివరాలు అలాగే ఉన్నాయని చెప్పడానికి వీలుంటుంది. పాత బ్లాకును అప్పుడు కూడా అమ్మవద్దు, అధికారికి చూపించండి.

మెకానిక్ మీద దావాకు నేను ఉత్సాహం చూపను. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అంటే వచ్చే సంక్రాంతితో అది తీరిపోతుంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. కాని చట్టం అనుమతించని పనిని మీరే అడిగి, మీరే చేయి వేసి చేయించుకున్నారు. అలాంటి ఒప్పందం మీద డబ్బు అడిగితే, చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం చెల్లదనే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 23 మీకే ఎదురు తిరుగుతుంది. కాగితాలన్నీ ఇస్తానని దుకాణదారు సందేశంలో రాసి ఉంటే, ఆ 65 వేల వరకు దుకాణదారు మీద ఆలోచించవచ్చు.

కారును ఇక రోడ్డు మీదికి తీయవద్దు. పాలసీ ఉంది కదా అంటారేమో. ప్రమాదం జరిగితే మీ కారు నష్టానికి క్లెయిము తోసిపుచ్చడానికి ఇన్సూరెన్సు కంపెనీకి ఇంజిన్ నంబరు తేడా ఒక్కటే చాలు. రిజిస్ట్రేషన్ లేని వాహనం రోడ్డెక్కడం పాలసీ షరతులకు మౌలిక ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది, మీ ఆర్‌సీ గడువేమో నవంబరులో తీరుతోంది.

గుర్తు నిలుపుకొనే దారి అడిగారు కాబట్టి ఒక్క మాట. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకొనే వీలును 2021లో నియమాల్లో చేర్చారు. ఇంజిన్, ఛాసిస్, బాడీ మూలరూపంలో ఉండాలన్నది అందులో షరతు. మీ కారుకు 2041లో యాభై ఏళ్లు నిండుతాయి.

నోటీసు గడువులో ఇంకా మిగిలినవి నాలుగు రోజులు. ఇంజిన్ మార్చడానికి అవి చాలవు. కాబట్టి ముందు ఒక అర్జీ రాయండి. నాన్నగారు ఫలానా తేదీన మరణించారని, వారసుడిగా మీరు హాజరవుతున్నారని, పాత ఇంజిన్ మీ దగ్గరే ఉందని, దాన్ని తిరిగి బిగించి తనిఖీకి తెస్తారని, అందుకు 30 రోజుల గడువు కావాలని కోరండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఫారం 31, పాత ఇంజిన్ ఫోటోలు జతచేసి, కార్యాలయంలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇది చదివేసరికి గడువు దాటిపోయినా ఆ అర్జీ ఇవ్వండి. రద్దు ఉత్తర్వు వచ్చేస్తే, అది అందిన రోజు నుంచి 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు వేయాలి. ఉత్తర్వు వచ్చిన కవరును మాత్రం సొరుగులో పెట్టకుండా అదే రోజున మీ న్యాయవాది చేతికి ఇవ్వండి.